పక్కగాలిలో ఎర్రదారాలు

నాగవంశీ శవం ఫిషింగ్ హార్బర్‌లో, చేపల పేగులు పారబోసే మూల దొరికింది.

ఉదయ్‌కుమార్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గరికి వెళ్ళాడు. ఈగలు, కంపు. పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్ తాపీగా పల్లీలు నములుతున్నాడు. ఛీ, ఈ కంపులో గొంతులోకి ఎలా దిగుతున్నాయిరా బాబూ అనుకున్నాడు ఉదయ్.

"జెట్టీ మీద కాలు జారి పడుంటాడండి. తాగున్నాడేమో" అన్నాడు కానిస్టేబుల్.

నాగవంశీ ఒకప్పుడు నేవీలో డైవర్. ఇప్పుడు, అంటే నిన్నటిదాకా, ఉదయ్ పనిచేసే డిపార్ట్‌మెంట్‌లోనే సీక్రెట్ ఏజెంట్. మందు వాసనే గిట్టదు. అలాంటివాడు తాగి, నీళ్ళలో పడి, ఈత రాక చచ్చిపోయాడట! వినడానికే రోతగా ఉంది.

ఉదయ్ వంగి చూశాడు. శవం గోళ్ళ సందుల్లో పసుపు. చేతికి ఆగిపోయిన వాచీ. దాన్ని విప్పుతుంటే ఉదయ్ చేతిలోని బైక్ తాళంచెవి వెళ్ళి టక్కున వాచీకి అతుక్కుంది. వాచీకి అయస్కాంతం పట్టింది. ఇదేం విడ్డూరమో అర్థం కాలేదు. రెండూ జేబులో వేసుకుని బయటపడ్డాడు.

పోర్ట్ రోడ్డు మీద ఆగి ఉన్న పాత కారులో చీఫ్ గుణశేఖర్ ఎదురుచూస్తున్నాడు. కారు అద్దాల మీద బొగ్గు పొడి వేలు మందాన పేరుకుంది.

"ఎక్కు. డోర్ వెయ్యి. ఆపరేషన్ పక్కగాలి. విను."

"వింటున్నాను సార్."

"పరవాడ దాటాక సముద్రం ఒడ్డున ఒక టెస్ట్ టర్బైన్ ఉంది. గాలిమర. రెక్కలు మనవాళ్ళు సొంతంగా చేసినవి. మామూలు రెక్కలకి గాలి ఎదురుగా రావాలి. పక్కనుంచి కొడితే అదిరిపోతాయి. ఇవి చాలావరకు తట్టుకుంటాయి. వచ్చే వారం డెమో. విదేశాల నుంచి కొనేవాళ్ళు వస్తున్నారు."

"ఎవరికి కడుపుమంట?"

"లాంతరు."

ఉదయ్ మొహం చిట్లించాడు. లాంతరు అన్నది ఒక విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఏ దేశానికి సొంతంగా ఏ పరిశ్రమ లేచినా, దాన్ని లేవకముందే తగలెయ్యడం వాళ్ళ వృత్తి.

"డెమోలో రెక్క విరగాలి. అదీ వాళ్ళ ప్లాన్. కంట్రోల్ కంప్యూటర్‌లో వైరస్ పెట్టారని మల్లె కబురు చేసింది."

మల్లె అంటే నీలిమ. లాంతరులో పనిచేస్తున్నట్టు నటిస్తూ ఇటువైపు రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్. బయటి లోకానికి మాత్రం రెక్కల మీద గాలి ఎలా పారుతుందో కంటికి చూపించే ఎక్స్‌పర్ట్. డెమో బాధ్యత కూడా ఆవిడదే.

"నాగవంశీ ఆవిడతో కలిసే పనిచేశాడు కదా సార్?"

"అందుకే నువ్వెళ్తున్నావ్. లిఫ్ట్ మెకానిక్ వేషం. డెమో రోజు కంట్రోల్ కంప్యూటర్ పక్కన కూర్చో. కదలకు."

మర్నాడు ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు నూనె మరకల చొక్కా, అతికించిన బుర్రమీసం, గారపట్టిన పళ్ళతో ఉదయ్ నిలబడ్డాడు. మీసం జిగురు ఎండకి కరిగి పెదవి మీదికి కారుతోంది. చేదు.

తలుపు తీసింది నీలిమ. లేత నీలం పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు.

"అమ్మా, వంజరం దొరుకుద్దా ఇక్కడ?" అన్నాడు ఉదయ్. లేతు మిషన్ల షెడ్డులో చేపలు అడిగేవాడు ఉండడు కాబట్టి అదే కోడ్.

"తల తీసేసిందే ఉంది."

"నాకు తలే కావాలి."

"రండి మిస్టర్ మెకానిక్" అని నవ్వింది.

షెడ్డు మధ్యలో పొడుగాటి అద్దాల పెట్టె. ఒక చివర పెద్ద ఫ్యాన్, రెండో చివర వరసగా పొగ గొట్టాలు, మధ్యలో బొమ్మ గాలిమర. నీలిమ స్విచ్ వేసింది. తెల్లటి పొగ గీతలు గీతలుగా వచ్చి, బొమ్మ రెక్కల మీంచి దువ్విన జుట్టులా జారిపోయింది.

"ఇది గాలికి ఎదురుగా ఉన్నప్పుడు. ఇప్పుడు చూడండి." బొమ్మ తలని కొంచెం పక్కకి తిప్పింది. పొగ రెక్కని వదిలి లేచిపోయి సుడులు తిరిగింది. అదీ రెక్క ఒక సగం చుట్టులో ఉన్నప్పుడే. రెండో సగంలో మళ్ళీ బుద్ధిగా పడుకుంటోంది. "అసలు టర్బైన్‌కి పొగ పెట్టలేం. అందుకని రెక్కల నిండా ఎర్ర ఉన్నిదారాలు అతికించాం. రెక్క మొదట్లో కెమెరా. గాలి ఎటు పారితే దారం అటు పడుకుంటుంది."

"పక్కగాలిలో ఉండగా బ్రేక్ వేస్తే?" ఊరికే అడిగాడు ఉదయ్.

ఆవిడకి తన తెలివి చూపించుకునే సరదా ఎక్కువ. ఫ్యాన్ జోరు పెంచి ఠక్కున బ్రేక్ వేసింది. బొమ్మ రెక్క వెనక్కి వంగి, స్తంభానికి కొట్టుకుని ఫట్‌మని విరిగింది.

"ఇలా అవుతుంది" అంది హాయిగా. తర్వాత చిన్న అద్దంలో లిప్‌స్టిక్ సరిచూసుకుంటూ, "నాగవంశీ పాపం. మంచి కుర్రాడు" అని కూడా అంది.

ఆ 'పాపం' అన్న తీరు ఉదయ్‌కి నచ్చలేదు. కానీ మనకోసం పనిచేసే మనిషి. నోరు మూసుకున్నాడు.

టర్బైన్ దగ్గర ఉదయ్‌కి దొరికిన స్నేహితుడు గవర్రాజు. చోడవరం వైపు రైతుబిడ్డ. స్తంభం పైన ఉండే గదిలో, నాసెల్ అంటారు దాన్ని, యంత్రాలు చూసుకునే టెక్నీషియన్. అరగంటలో బావ అని వరస కలిపేసి, మధ్యాహ్నం కేరేజీ విప్పి కూర్చోబెట్టాడు.

"మా కాంతం సేతి వంట బావా. ఎండుసేపలు, వంకాయ. తిను."

హార్బర్ మూల కళ్ళముందు కదిలింది. "వద్దు బావా, వాంతి వచ్చేట్టుంది."

"ఏటి బావా, మా ఇంటిది వండితే వాంతా? తింతావా తినవా?" అని గవర్రాజు సొంత చేత్తో ముద్ద కలిపి పెట్టాడు. తినక తప్పలేదు. రుచిగానే ఉంది, అదో విశేషం.

తిన్నాక ఇద్దరూ లిఫ్ట్‌లో పైకి వెళ్ళారు. నాసెల్ కప్పు తలుపు తియ్యగానే కంపు గుప్పుమంది. గాలి ఎటునుంచి వస్తోందో చెప్పే రెండు చిన్న తోకయంత్రాలు పైన ఒక కడ్డీ మీద ఉన్నాయి. ఆ రెంటి మధ్య, నైలాన్ వలలో చుట్టి బిగించిన బూడిద గుమ్మడికాయ. ఒళ్ళంతా పసుపు, కుంకుమ. కుళ్ళి, కిందికి రసం కారుతూ, పురుగులు పడి.

"ఛీ ఛీ! ఏంటిది?"

"దిష్టికాయ బావా. నీలిమ మేడం సింహాసలంలో పూజ సేయించి తెచ్చినారు. అంత సదువుకున్నా పద్దతి మర్సిపోలేదు సూడు. కట్టి వారం అవనేదు, అప్పుడే కుళ్ళిపోనాది. ఎంత దిష్టి లాగీసిందో!"

"తీసి పారెయ్యరా?"

"అమ్మో! అమాస దాకా ముట్టకూడదు. ముట్టినోడికి ఆ దిష్టంతా తగులుద్ది. మొన్న వంశీ అని కెమెరా వైర్లేసేవోడు నవ్వుకుంటా దాన్ని తడిమీసినాడు. మర్నాడు హార్బర్లో సచ్చి తేలినాడు!"

గోళ్ళలో పసుపు ఎక్కడిదో తేలిపోయింది అనుకున్నాడు ఉదయ్. దగ్గరికెళ్ళి చూద్దామని ఒక అడుగు వేశాడు కూడా. ఇంతలో గాలి తిరిగి ఆ కంపు సూటిగా మొహాన కొట్టింది. గబుక్కున తలుపు మూసేశాడు. ఇంకో రెండడుగులు వేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ముక్కు సుఖం చూసుకున్నాడు మహానుభావుడు!

డెమో రోజు పొద్దున్నుంచీ సముద్రపు గాలి జోరుగా ఉంది. షామియానా కింద సూట్లు వేసుకున్న విదేశీ అతిథులు జీడిపప్పు నములుతున్నారు. గవర్రాజు పైన నాసెల్‌లో ఉన్నాడు. తిరిగే టర్బైన్‌లో మనిషి ఉండకూడదన్నది రూలు. కెమెరాలు చూసుకోడానికి ఒకరుండాలని నీలిమ పట్టుబట్టి ప్రత్యేక పర్మిషన్ తెప్పించింది.

కంట్రోల్ రూమ్‌లో ఉదయ్ కంప్యూటర్ పక్కన కూర్చున్నాడు. చెవిలో బఠానీ గింజంత రిసీవర్, చొక్కా గుండీలో మైకు. స్క్రూడ్రైవర్ పిడిలో వైరస్ పసిగట్టే డిటెక్టర్. అది పొద్దున్నుంచీ ఒక్క కూత కుయ్యలేదు.

ముందు టర్బైన్‌ని కావాలనే కొంచెం పక్కకి తిప్పారు. తెరమీద రెక్క కనిపిస్తోంది. ఒక సగం చుట్టులో ఎర్రదారాలు పడుకుని, రెండో సగంలో లేచి, వెనక్కి తిరిగి, పిచ్చిపట్టినట్టు ఆడుతున్నాయి. షామియానాలో చప్పట్లు.

"ఇప్పుడు గాలికి ఎదురుగా తెస్తున్నాం" అని ఉదయ్ ముందే నిలబడి మైకులో ప్రకటించింది నీలిమ. టర్బైన్ తల తిరిగి ఆగింది. కంప్యూటర్ సున్నా చూపించింది. అంటే గాలి సూటిగా ఎదురుగా ఉందని అర్థం.

కానీ దారాలు పడుకోలేదు. ఇందాకటికంటే ఎక్కువగా గింజుకుంటున్నాయి.

"మేడం, ఆ దారాలేంటి అలా ఉన్నాయి?"

"ఉప్పుగాలికి తడిసి పాడయ్యాయి. నువ్వు కంప్యూటర్ చూసుకో" అంది నీలిమ తల తిప్పకుండా.

ఉదయ్ మళ్ళీ చూశాడు. తడిసి పాడైతే చుట్టంతా ఒకేలా ఉండాలి. సగం చుట్టు బాగుండి సగం చుట్టు పాడయ్యే దారం ఎక్కడైనా ఉంటుందా? దారాలు నిజమే చెబుతున్నాయి. టర్బైన్ పక్కగాలిలో ఉంది. కంప్యూటర్‌లో వైరసూ లేదు, పాడూ లేదు. దానికి ఎవరో అబద్ధం చెబుతున్నారు. గాలి ఎటునుంచి వస్తోందో దానికి చెప్పేవి పైనున్న ఆ తోకయంత్రాలు. వాటి మధ్యలో గుమ్మడికాయ.

బూడిద గుమ్మడికాయ వారానికే కుళ్ళడమేమిటి? ఉదయ్ వాళ్ళింట్లో ఐతే వడియాలు పెట్టేదాకా నెలల తరబడి అటక మీద పడి ఉండేది, చెక్కు చెదిరేది కాదు. కొయ్యని కాయ కుళ్ళదు. ఎవరో కోశారు. లోపల ఏదో పెట్టి మూశారు. కోసిన గాటు కనబడకుండా పసుపు మెత్తారు. నాగవంశీ గోళ్ళలో పసుపు, వాచీకి పట్టిన అయస్కాంతం...

తోకయంత్రం లోపల గాలి దిక్కుని కొలిచేది ఒక చిన్న అయస్కాంతం. దాని పక్కన పెద్దది పెడితే లెక్క తప్పుతుంది. దేవుడి పేరు చెప్పి కట్టిన కాయని ఈ ఊళ్ళో ఒక్కడూ ముట్టుకోడని తెలిసే కట్టింది మహాతల్లి! ఉదయ్‌కి నోట్లో చేదు ఊరింది.

లేచాడు.

"కదలకు అన్నానా" చెవిలో గుణశేఖర్ గొంతు. బయట కారులో కూర్చుని గది కెమెరాలో చూస్తున్నాడు.

"సార్, మల్లె మనది కాదు. కింద బ్రేక్ వేసే ఎర్ర బటన్ దగ్గరికి దాన్ని రానివ్వకండి" అని గొణుగుతూ లిఫ్ట్ వైపు పరుగెత్తాడు.

లిఫ్ట్ మూలుగుతూ ఎక్కుతోంది. స్తంభం అంతా వణుకుతోంది. రెక్క ఒక్కటి విరిగితే ఒకరోజు వార్త. మనిషి కూడా చస్తే కేసు, ఎంక్వైరీ, ప్రాజెక్టుకి శాశ్వతంగా తాళం. అందుకే గవర్రాజుని పైకి ఎక్కించింది. కాంతం వండిన కూర ముద్దలు కలిపి పెట్టినవాణ్ణి!

నాసెల్‌లో గవర్రాజు ఒక ఇనపకమ్మీ పట్టుకుని ఊగిపోతున్నాడు. వాకీటాకీలో నీలిమ గొంతు ఏడుపు నటిస్తోంది. "గవర్రాజూ, ప్రమాదం! ఎర్ర బటన్ నొక్కు! ఎమర్జెన్సీ బ్రేక్! తొందరగా!"

కిందా ఎర్ర బటన్ ఉంది. అది తను నొక్కదు. నొక్కింది గవర్రాజే అని రికార్డులో ఉండాలి. చచ్చినవాడు జవాబు చెప్పడు కదా.

గవర్రాజు వేలు బటన్ మీదికి వెళ్ళింది. ఉదయ్ ఎగిరి ఆ చెయ్యి ఒడిసిపట్టాడు.

"ఒగ్గీ బావా! సచ్చిపోతాం!"

"నొక్కితేనే చస్తాం! ఈ గాలిలో బ్రేక్ వేస్తే రెక్క వచ్చి స్తంభాన్ని కొడుతుంది. నేను కళ్ళారా చూశాను. ఆ గుమ్మడికాయ తియ్యాలి, అంతే!"

"ఏటి? దిష్టికాయా? నీకు మతి గాని పోనాదా!"

ఉదయ్ నడుముకి తాడు కట్టుకుని కప్పు తలుపు తోశాడు. గాలి చెంపలు వాయించింది. పాకుతూ కడ్డీ దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, కుళ్ళిన కాయలోకి చెయ్యి దూర్చాడు.

మోచేతి దాకా మెత్తటి చీము లాంటి గుజ్జు. వేళ్ళ సందుల్లో పురుగులు మెదిలాయి. కడుపులో ఉన్నదంతా నోట్లోకి వచ్చింది. వాంతి చేసుకుంటే గాలి దాన్ని తెచ్చి అతని మీసానికే కొట్టింది. థూ! ఇంతకంటే చావే నయం అనిపించింది. గుజ్జులో బరువైన లోహపు ముద్ద తగిలింది. ఉదయ్ చేతికున్న సొంత వాచీ గట్టిగా దాన్ని కరిచి పట్టుకుంది. లాగితే రాలేదు. నడుం దగ్గరి పిస్తోలు కూడా ఎగిరొచ్చి కాయలో కూరుకుపోయింది. రెండో చెయ్యి కడ్డీని వదిలితే గాలి విసిరికొడుతుంది.

"గవర్రాజూ, కత్తి! వల కొయ్యి!"

తలుపు లోంచి గవర్రాజు మొహం కనిపించింది. పాలిపోయింది. "నాను ముట్టను బావా. అమాస కాదు. ఆ వంశీ సచ్చిపోనాడు..."

"వాణ్ణి దిష్టి చంపలేదురా! ఈ కాయ తెచ్చిన మనిషి చంపింది. ఇప్పుడు నిన్ను చంపుతోంది. కాంతానికి ఏం చెప్పమంటావ్?"

నాసెల్ అంతా ఒక్కసారి కుదిపేసింది. గవర్రాజు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "అప్పన్న తండ్రీ, తప్పయితే నా కళ్ళు తీసీ, పేణం తియ్యకు" అంటూనే తాడు తగిలించుకుని పైకి పాకాడు. కత్తితో నైలాన్ పోగులు ఒక్కొక్కటే తెంపాడు. చివరి పోగు తెగగానే, ఏ కాయనైతే ముట్టనన్నాడో దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని, ఉదయ్ చెయ్యితో సహా లోపలికి లాక్కున్నాడు. ఇద్దరూ ఆ కంపులో కలగాపులగంగా నాసెల్ నేల మీద పడ్డారు. ఉదయ్ వాచీ విప్పి చెయ్యి ఊడలాక్కున్నాక, కాయని అవతలి మూలకి తన్నుకుంటూ తీసుకెళ్ళారు.

ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత కింద మోటార్లు మూలిగాయి. టర్బైన్ తల మెల్లగా, చాలా మెల్లగా, సముద్రం వైపు తిరిగింది. వణుకు తగ్గింది. గవర్రాజు ముందున్న చిన్న తెరమీద ఎర్రదారాలు వరస తర్వాత వరస పడుకున్నాయి. కింద షామియానాలో చప్పట్లు మోగాయి. అదంతా డెమోలో భాగమే అనుకున్నారు పెద్దమనుషులు.

"బావా" అన్నాడు గవర్రాజు ఆయాసపడుతూ. "నువ్వు లిఫ్టు మెకానిక్‌వి కాదేటి?"

"కాదు."

"అనుకున్నాను. లిఫ్టు గురించి నీకేటీ తెల్దు."

కిందికి దిగేసరికి నీలిమ గుణశేఖర్ కారులో కూర్చుని ఉంది. సంకెళ్ళు లేవు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. ఉదయ్ వాసనకి మొహం తిప్పుకుంది.

"నాగవంశీని నువ్వేనా?" అడిగాడు ఉదయ్.

"చెయ్యి పెట్టకూడని చోట పెట్టాడు" అంది, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

గుణశేఖర్ ఉదయ్‌ని పక్కకి తీసుకెళ్ళాడు. "ఆవిణ్ణి అరెస్ట్ చేస్తే లాంతరు అంతా చీకట్లోకి పోతుంది. ఇకనుంచి నిజంగానే మనకి పనిచేస్తానంటోంది. ఢిల్లీ ఓకే అంది."

"నాగవంశీ సంగతి?"

"కాలు జారింది."

ఉదయ్ చెయ్యి ఇంకా కంపు కొడుతోంది. కానీ ఆ కారులోంచి వస్తున్న సెంటు వాసన అంతకంటే అసహ్యంగా తోచింది. అక్కడే ఇసకలో ఉమ్మేశాడు.

"నాదొక షరతు సార్. గవర్రాజు కాయలో ఏముందో చూశాడని లాంతరుకి తెలిస్తే వాణ్ణి బతకనివ్వరు. ఆవిడకీ తెలియకూడదు. పైన జరిగిందంతా నా ఒక్కడి పని. రాగితీగ దొంగతనానికి ఎక్కిన లిఫ్ట్ మెకానిక్‌ని. గవర్రాజు నన్ను తన్ని తగలేశాడు. బయటికి అదే కథ."

"నీ పేరు చెడుతుంది."

"అది నా పేరు కాదు కదా."

వారం తర్వాత మద్దిలపాలెం బస్సు డిపో ఎదుట టీ కొట్టు. ఇన్సూరెన్స్ ఏజెంటు వేషంలో, కళ్ళజోడు పెట్టుకుని, ఉదయ్ ఒక మూల కూర్చున్నాడు. అవతల బెంచీ మీద గవర్రాజు నలుగురిని పోగేసి గొంతు చించుకుంటున్నాడు.

"దొంగ సచ్చినోడు! మా కాంతం కూర తిన్నాడు, నా టర్బైన్‌కే కన్నం పెడదామనుకున్నాడు! ఆడి మొకం మండ! ఆణ్ణి కన్నదాన్ని అనాలి..." అని మొదలుపెట్టి, ఉదయ్ తల్లి దగ్గర్నుంచి తాత ముత్తాతల దాకా ఒక్కొక్కరినీ పేరుపేరునా దులిపాడు. వినేవాళ్ళు పడి పడి నవ్వుతున్నారు. ఒక్కడికీ అనుమానం లేదు. అలా తిడుతున్నంత కాలం గవర్రాజు జోలికి ఎవరూ రారు.

నలుగురూ బస్సెక్కాక గవర్రాజు గ్లాసు కడుక్కునే నెపంతో ఈ మూలకి వచ్చాడు. తల దించుకుని, పెదవి కదపకుండా గొణిగాడు.

"సెప్పినట్టే తిడతన్నాను బావా. సరిపోతందా, ఇంకో నాలుగు ఎయ్యమంటావా?"

"బ్రహ్మాండంగా ఉంది బావా" అన్నాడు ఉదయ్ పేపరు చాటునుంచి. "మా అమ్మని మాత్రం వదిలెయ్."